ఎండకు కమిలిన చర్మానికి పైపూత మందులు: రైతులు తీసుకోవలసిన జాగ్రత్తలు

వరి నాట్లు, పత్తి తీత, మిరప కోత... పొలంలో ఏ పనైనా ఎండలోనే చేయాలి. ఏళ్ల తరబడి ఎండలో పనిచేసే రైతులు, కూలీల ముఖం, మెడ, ముంజేతుల చర్మం నల్లబడి, గరుకుగా మారి, మచ్చలు పడుతుంది. చాలామంది మందుల షాపులో ఏదో ఒక ట్యూబు అడిగి తెచ్చుకుని రాస్తుంటారు. అయితే ఎండ వల్ల వచ్చే సమస్యలన్నీ ఒకటి కావు. వాటికి వాడే మందులూ ఒకటి కావు. ఏ సమస్యకు ఏ పూత వాడాలో తెలుసుకున్నాకే రాసుకోవాలి.

1. ఎండకు కమిలి, మంట పుడితే

ఎండలో పనిచేసిన కొన్ని గంటలకు చర్మం ఎర్రబడుతుంది లేదా ముదురు రంగుకు మారి మంట పుడుతుంది.
• వెంటనే నీడకు వచ్చి, చల్లని నీటితో తడిపిన గుడ్డను 10–15 నిమిషాలు వేయాలి. ఐస్ నేరుగా పెట్టరాదు.
• తరువాత కాలమిన్ లోషన్ గానీ, కలబంద జెల్ గానీ పలుచగా రాయాలి. చర్మం పొడిబారితే వాసన లేని మాయిశ్చరైజర్ రాసుకోవచ్చు.
• బొబ్బలు వస్తే చిదపరాదు. ఎక్కువ భాగంలో బొబ్బలు లేచినా, జ్వరం, వాంతులు, తల తిరగడం ఉన్నా ఆసుపత్రికి వెళ్లాలి.
• నిమ్మరసం, టూత్‌పేస్ట్ రాయరాదు. నిమ్మరసం పడిన చర్మానికి ఎండ తగిలితే కాలినట్లు బొబ్బలు వచ్చి, నెలల తరబడి పోని నల్ల మచ్చలు మిగులుతాయి. నిమ్మ తోటల్లో కోత కోసేవారు చేతులు కడుక్కున్నాకే ఎండలోకి వెళ్లాలి.

2. మంగు మచ్చలు

బుగ్గలు, నుదురు, ముక్కుపై వచ్చే గోధుమ రంగు మచ్చలను మంగు అంటాం. మహిళల్లో ఎక్కువ. గర్భం దాల్చినప్పుడు, గర్భనిరోధక మాత్రలు వాడేటప్పుడు పెరుగుతుంది. చర్మ వైద్యులు దీనికి హైడ్రోక్వినోన్, అజెలాయిక్ యాసిడ్, ట్రెటినోయిన్ వంటి పూతలు రాస్తారు. ఫలితం కనిపించడానికి కొన్ని వారాల నుంచి నెలలు పడుతుంది. హైడ్రోక్వినోన్‌ను వైద్యుని సలహా లేకుండా ఏళ్ల తరబడి వాడితే చర్మం నీలి నలుపుగా మారే ప్రమాదం ఉంది. ట్రెటినోయిన్ రాత్రిపూట మాత్రమే రాయాలి. గర్భిణులు వాడరాదు. పగలు ఎండ నుంచి కాపాడుకోకపోతే ఏ పూతా పనిచేయదు, తగ్గిన మచ్చలు మళ్లీ వస్తాయి.

3. ఎండ అనుకుంటాం, వయ్యారిభామ కావచ్చు

ముఖం, మెడ, చేతులపై దురద, దద్దుర్లు వచ్చి చర్మం మందంగా మారితే గట్లపై ఉన్న వయ్యారిభామ (కాంగ్రెస్ గడ్డి) కారణం కావచ్చు. గాలిలో తేలే దాని పొడి చర్మానికి అంటుకుని ఎలర్జీ తెస్తుంది. కనురెప్పలు, చెవుల వెనుక, గడ్డం కింద, మోచేతి మడతల్లో, అంటే ఎండ తగలని చోట కూడా దద్దుర్లు ఉంటే దీనిని అనుమానించాలి. ఈ మొక్కను ఒట్టి చేతులతో పీకరాదు. చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకుని, పూత రాకముందే తొలగించాలి. పని అయ్యాక సబ్బుతో స్నానం చేయాలి. తగ్గకపోతే వైద్యుని సంప్రదించాలి.

4. తగ్గని పొలుసు, మానని పుండు

ముఖం, చెవులు, కింది పెదవిపై గరుకుగా పొలుసు కట్టిన మచ్చ, నెల దాటినా మానని పుండు, పెరుగుతున్న గడ్డ ఉంటే తప్పనిసరిగా చూపించుకోవాలి. ఇది చర్మ క్యాన్సర్‌కు ముందు దశ కావచ్చు. మన రంగు చర్మం వారిలో ఇది అరుదు. కానీ పుట్టుకతో చర్మం, జుట్టు తెల్లగా ఉన్నవారికి ముప్పు చాలా ఎక్కువ. తొలి దశలో 5-ఫ్లోరోయురాసిల్ వంటి క్రీముతోనే నయం చేయవచ్చు. ఈ క్రీము వాడేటప్పుడు ఆ చోటు ఎర్రబడి పుండులా మారడం సహజం. భయపడి మధ్యలో మానకుండా వైద్యుని అడగాలి.

ముఖ్య హెచ్చరిక: స్టెరాయిడ్ క్రీములు

రాసిన మూడు నాలుగు రోజులకే ముఖం తెల్లబడి, దురద తగ్గిందంటే ఆ ట్యూబులో స్టెరాయిడ్ ఉండవచ్చు. ట్యూబుపై క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ అనే పేర్లు ఉన్నాయేమో చదివించుకోండి. వీటిని ముఖంపై నెలల తరబడి వాడితే చర్మం పలుచబడుతుంది, ఎర్రని రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి, మొటిమలు, మహిళలకు ముఖంపై వెంట్రుకలు వస్తాయి. ఎండ అసలు తట్టుకోలేరు. మానేస్తే మంట, ఎరుపు ఎక్కువవుతాయి కాబట్టి మళ్లీ అదే రాస్తారు. ఎలర్జీకి వైద్యులు కూడా స్టెరాయిడ్ రాస్తారు. అయితే ఎక్కడ, ఎంత, ఎన్ని రోజులో చెప్పి రాస్తారు. 2018లో కేంద్ర ప్రభుత్వం పలు స్టెరాయిడ్ పూతలను వైద్యుని చీటీతోనే అమ్మాలని నిబంధన తెచ్చింది. ఇప్పటికే నెలల నుంచి వాడుతుంటే ఆ ట్యూబు వెంట తీసుకుని చర్మ వైద్యుని వద్దకు వెళ్లండి.

రాకుండా ఏం చేయాలి?

• వీలైనంత వరకు ఉదయం 10 నుంచి సాయంత్రం 4 గంటల మధ్య ఎండలో పని తగ్గించుకోవాలి. మబ్బు పట్టినా ఈ కిరణాలు తగులుతాయి.
• అంచు వెడల్పుగా ఉన్న టోపీ, నిండు చేతుల చొక్కా వాడాలి. తలపాగా తలను కాపాడుతుంది గానీ ముక్కు, చెవులు, మెడపై ఎండ పడుతూనే ఉంటుంది. తువ్వాలు మెడ మీదుగా కప్పుకోవాలి.
• ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకు మించిన సన్‌స్క్రీన్‌ను బయలుదేరే 15–20 నిమిషాల ముందు రాయాలి. ముఖం, మెడకు కలిపి రెండు వేళ్ల పొడవున తీసుకోవాలి. చెమట పడుతుంది కాబట్టి ప్రతి 2 గంటలకు మళ్లీ రాయాలి.
• పురుగు మందు పిచికారీ చేశాక సబ్బుతో బాగా కడుక్కున్న తరువాతే ఏ పూతైనా రాయాలి.

పై పూతల్లో ఖరీదైనవి కొనలేకపోయినా టోపీ, నిండు చేతుల చొక్కా మానకండి. ఈ రెండూ లేకుండా ఎంత మంచి మందు రాసినా ఫలితం నిలవదు.