సమ్మతి ఎవరిది, సంతకం ఎవరిది?



మన అడవులదీవిలో ఒక సర్వే ఉద్యోగి మీ అరుగు మీద కూర్చుని ఇలా అడిగాడనుకోండి: "చేబదులు కావాలంటే ఎవరి దగ్గరకు వెళ్తారు? జబ్బు చేస్తే ఎవరి సలహా అడుగుతారు? మీ ఇంటికి తరచుగా ఎవరు వస్తారు?" మీరు నలుగురి పేర్లు చెబుతారు. సమ్మతి పత్రం మీద సంతకం మాత్రం మీ ఒక్కరిదే. ఆ నలుగురినీ అడిగినవారెవరు? మనుషుల మధ్య సంబంధాలను పటంగా గీసే పరిశోధనలకు ఈ చిక్కు పుట్టుకతోనే ఉన్నది.

ఈ విద్యకు ఆద్యులలో ఒకడైన జేకబ్ మొరీనో వైద్యుడే. 1930ల తొలినాళ్లలో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ పట్టణంలో, బాలికల శిక్షణాలయంలో, ఎవరితో కలిసి ఉండాలని ఉన్నదో ఒక్కొక్కరినీ అడిగి, ఆ ఇష్టాయిష్టాలను గీతలుగా గీసి, 1934లో గ్రంథంగా వెలువరించాడు. సంస్థ గోడల మధ్య ఉన్న పిల్లలు "చెప్పము" అనగలరా? ఆ ప్రశ్న అడిగే కాలం ఇంకా రాలేదు. స్వచ్ఛంద సమ్మతిని మొదటి సూత్రంగా నిలిపిన న్యూరెంబర్గ్ నియమావళి వచ్చినది 1947లో.

అమెరికాలోని వర్జీనియాలో ఒక తండ్రి, కవలల అధ్యయనం కోసం తన కుమార్తెకు వచ్చిన ప్రశ్నావళిని చూశాడు. అందులో తండ్రి ఆరోగ్య రహస్యాలను గురించిన ప్రశ్నలున్నాయి. ఆయన ఫిర్యాదు చేయగా, ప్రభుత్వం ఆ విశ్వవిద్యాలయంలో మనుషులపై పరిశోధనలను కొంతకాలం నిలిపివేసింది. నోరు విప్పినవారే కాదు, వారి నోట వచ్చినవారు కూడా పరిశోధనకు లోనైనవారు కావచ్చునని అప్పుడు తెలిసివచ్చింది. 2012 జనవరిలో ఫేస్‌బుక్ 6,89,003 మంది ఖాతాలలో కనబడే రాతలను వారం రోజులపాటు మార్చి చూసింది. ఖాతా తెరిచేటప్పుడు ఒప్పుకున్న షరతులే సమ్మతి అని సమర్థించుకున్నారు. అది సమ్మతి అంటే నేను ఒప్పుకోను.

ఒకరి బదులు మరొకరు ఒప్పుకోవడం మన తెలుగు నేల మీద కూడా జరిగింది, అదీ టీకా సూది విషయంలో. 2009 జులైలో ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో 10 నుండి 14 ఏండ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకాల ప్రదర్శన కార్యక్రమం మొదలైంది. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపాయి. వారిలో గిరిజన వసతిగృహాల పిల్లలు ఎందరో. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపారు. పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాలలో 1,948 వేలిముద్రలు, 2,763 వార్డెన్ల సంతకాలు అని పార్లమెంటు స్థాయీ సంఘం 2013 నివేదికలో ఉన్నది. అడవిలో ఉన్న తల్లిదండ్రులు ఏమి తెలుసుకున్నారో, అసలు తెలుసుకున్నారో లేదో, ఆ కాగితాలు చెప్పవు.

అపార్థం వద్దు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే ఈ టీకా మేలైనదే. అప్పటి మరణాలకు టీకాతో సంబంధం ఉండే అవకాశం తక్కువని విచారణ సంఘం చెప్పింది. నా తప్పు పట్టడం సంతకం మీదనే. నేను మాత్రం శుద్ధుడినా? శస్త్రచికిత్స పత్రం మీద వేలిముద్ర వేయించి, దానిలో ఏమున్నదో చదివి వినిపించని రోజులు నా ఉద్యోగంలో ఉన్నాయి. రద్దీ అనేది సాకు మాత్రమే.

ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఊరి పెద్దలు, సంస్థాధిపతులు ఇచ్చే అనుమతి వ్యక్తి సమ్మతికి బదులు కాదు. పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతితో పాటు వయసుకు తగినట్లు పిల్లల అంగీకారం కూడా కావాలి. పేర్లు చెప్పించే సర్వేలకు నైతిక పరిశీలన సంఘం మరొకటి అడగవలసి ఉన్నది. నగరంలో పేరు కొట్టివేస్తే మనిషి కనబడడు. మన ఊరిలో "రెండు రొయ్యల చెరువులు, ముగ్గురు కూతుళ్లు, అప్పులిచ్చేవాడు" అని రాస్తే చాలు, బస్టాండులో టీ తాగే కుర్రవాడు కూడా ఆయన ఇల్లు చూపిస్తాడు. ఈసారి సర్వే ఉద్యోగి వచ్చినప్పుడు, నేను చెప్పే పేర్లను ఎక్కడ రాసుకుంటారు, ఎవరికి చూపిస్తారు, ఆ నలుగురికీ ఎప్పుడు చెబుతారు అని అడగండి. జవాబు వచ్చేవరకు కలం పట్టకండి.