కనబడని కొనుగోలుదారు



నా మేనకోడలు ఒకతె అమెరికాలోని న్యూజెర్సీలో కాపురమున్నది. పెడన అద్దకపు చీరలను, దుప్పట్లను తెప్పించుకొని, ఇంటర్నెట్టులో ఒక చిన్న అంగడి నడపుచున్నది. కొన్నాళ్ల క్రిందట ఆమె ఫోనులో నాతో మాటలాడుచు కంట తడి పెట్టుకొన్నది. ఎవరో క్రెడిటు కార్డుతో 180 డాలర్ల చీర కొనిరి; ఆమె పంపెను. రెండు నెలల పిమ్మట ఆ కార్డు సొంతదారు, “ఈ చీర నేను కొనలేదు, నా కార్డు సంఖ్యను ఎవరో దొంగిలించిరి” అని తన బ్యాంకుతో మొరపెట్టుకొనెను. బ్యాంకువారు ఆ సొమ్మును మా పిల్ల ఖాతానుండి వెనుకకు తీసికొనిరి. చీరయు పోయెను, సొమ్మును పోయెను. “మామయ్యా, కార్డులు పుచ్చుకొనుట మానివేయుదునా? మరి యే మార్గమున డబ్బు తీసికొందును?” అని ఆమె అడిగెను.

నేను వర్తకుడను గాను. పూర్వపు సంగతులు చదువుట మాత్రము నాకు అలవాటు. ఆమె ప్రశ్నకు చరిత్ర ఏమి చెప్పునో వెదకితిని. ఆ వెదకినదే నేటి ప్రసంగము.

సంతలో బేరమునకు ఈ భయము లేదు. ఒక చేత సరకు, ఒక చేత రూక. ఊరు మారినప్పుడే చిక్కు వచ్చును. ముందు సరకు పంపుటకు అమ్మువానికి భయము. ముందు సొమ్ము పంపుటకు కొనువానికి భయము. మన దేశమున ఈ చిక్కును తీర్చినది తపాలాశాఖ. 1877లో వారు వి.పి. పద్ధతిని, 1880లో మనియార్డరును నెలకొల్పిరి. మా తాతగారు మదరాసునుండి పుస్తకములు వి.పి.లో తెప్పించుకొనెడివారు. తపాలాబంట్రోతు అరుగు మీద కూర్చుండి, సొమ్ము లెక్కపెట్టుకొన్న తరువాతనే కట్ట చేతికిచ్చెడివాడు. విప్పి చూతమన్నను ముందుగా సొమ్ము చెల్లింపవలసినదే. ఎవరైనను పుచ్చుకొనక త్రిప్పిపంపినచో, రాకపోకల ఖర్చు పుస్తకముల వర్తకుని నెత్తిన పడెడిది. భయము పూర్తిగా పోలేదు. కొంత తపాలావారు రుసుము పుచ్చుకొని మోసిరి, కొంత వర్తకునికి మిగిలెను.

ఇక కార్డు పుట్టిన విధము వినుడు. 1950లో న్యూయార్కు నగరమున ఫ్రాంక్ మెక్‌నమారా, రాల్ఫ్ ష్నైడర్ అను వారు డైనర్స్ క్లబ్బు స్థాపించిరి. సభ్యుడు భోజనశాలలో కార్డు చూపి భుజించును. క్లబ్బు ఆ సొమ్ము చెల్లించి, నెల చివర సభ్యునియొద్ద వసూలు చేయును. భోజనశాలవాడు నూటికి 7 వంతులు క్లబ్బునకు వదలుకొనవలెను. ఇంత కోతకు వాడేల సమ్మతించెను? అరువు ఎగవేతల బెడద క్లబ్బుది. పైగా జేబు తడుముకొనని అతిథి మరి కొంత తినును. 1958లో బ్యాంక్ ఆఫ్ అమెరికావారు కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్టణమున, అడుగకయే 60,000 కార్డులు ఇండ్లకు పంపిరి. తొలినాళ్లలో ఎగవేతలు, దొంగవాడకములు మెండై బ్యాంకు మిక్కిలి నష్టపడెను. అయినను ఆ కార్డు నిలద్రొక్కుకొని, 1976లో వీసా అను పేరు ధరించెను.

1974లో అమెరికాలో ఒక చట్టము వచ్చెను. కార్డు లెక్కలో తప్పు కనబడినచో, కొనుగోలుదారు 60 దినములలోపల వ్రాసి తెలిపిన యెడల బ్యాంకు విచారింపవలెను. ఇది న్యాయమే. అంగడిలో ఎదుట నిలిచి చేసిన సంతకపు చీటీ వర్తకునికి సాక్ష్యము. కాని ఇంటర్నెట్టులో కొనువాడు కనబడడు, సంతకమునకు తావులేదు. 1994 ఆగస్టు 11న ఫిలడెల్ఫియాలోని ఒకడు తన కార్డు సంఖ్యను గూఢలిపిలో పంపి, 12 డాలర్ల 48 సెంట్లకు పాటల పళ్లెమొకటి కొనెను. పత్రికలకెక్కిన ఇట్టి తొలి బేరములలో ఇది యొకటి. గూఢలిపి దారిలో సంఖ్యను కాపాడును గాని, సంఖ్య పంపినవాడు సొంతదారుడో కాడో చెప్పజాలదు. కనుక ఇట్టి తగవులలో నష్టము సాధారణముగా అమ్మినవానిదే యగును. మా పిల్లకు జరిగినది ఇదే.

మన దేశమున ఈ కథ వేరు దారి పట్టినది. పెడనకు చేరువనున్న మచిలీపట్టణమున 1923లో పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, 1981లోనే క్రెడిటు కార్డులిచ్చెను. 2009 ఆగస్టునుండి రిజర్వు బ్యాంకు, ఇంటర్నెట్టు బేరములకు కార్డుపై కానరాని రహస్యగుర్తు ఒకటి అదనముగా అడిగితీరవలెనని శాసించెను. 2016లో యు.పి.ఐ. వచ్చెను, 2020 జనవరిలో ఆ చెల్లింపులపై వర్తకునికి కోత ఉండరాదను నియమము వచ్చెను. కాని యు.పి.ఐ.లో సొమ్ము క్షణములో అమ్మువానికి చేరును. సరకు రాకున్నచో ఇక్కట్టు కొనువానిది. భయము ఆ ప్రక్కనుండి ఈ ప్రక్కకు జరిగినదన్నమాట.

ఇంత చదివి, మా పిల్లకు నేను చెప్పినది మూడు ప్రశ్నలు: కోత యెంత? సొమ్ము ఎన్నాళ్లకు చేతికి వచ్చును? తగవు వచ్చినచో నష్టమెవరిది? స్ట్రైప్ అను సంస్థ 2011లో చిన్న అంగళ్లకై వచ్చినప్పుడు కోత నూటికి 2.9 డాలర్లు, బేరమొక్కింటికి పైన 30 సెంట్లు. 100 డాలర్ల చీరపై ఇది 3 డాలర్ల 20 సెంట్లు. 5 డాలర్ల చేతిగుడ్డపై ఇంచుమించు 45 సెంట్లు. అనగా నూటికి 9! కాబట్టి చిన్న వస్తువులను విడిగా కాక, కట్టగా అమ్మవలెను.

కార్డు మానవద్దంటిని, అక్కడి కొనుగోలుదారుల చేతిలోనున్నది అదియే. అయితే ఖరీదైన చీరలకు, బ్యాంకే కొనువానిని మరల గుర్తించు పద్ధతిని కోరుమంటిని. అట్లు గుర్తించిన బేరమున దొంగవాడకపు నష్టము చాలవరకు బ్యాంకుదగును. సరకు ముట్టినట్లు సంతకము పుచ్చుకొని, ఆ రసీదు దాచుకొమ్మంటిని.

ఆమె అట్లే చేయుచున్నది. పోయిన చీర మాత్రము రాలేదు. మీ యిండ్లలోని పిల్లలును నేడు పచ్చళ్లో, బొమ్మలో, నేతగుడ్డలో దూరదేశములకు అమ్మజూచుచుండవచ్చును. వారు ఒప్పుదల మీట నొక్కకమునుపే, ఆ మూడు ప్రశ్నలను మీరు అడుగుడు.