పవర్ మోడ్ బటన్ (ఆటోమాటిక్ ట్రాన్స్‌మిషన్)

పవర్ మోడ్ బటన్ అనగా ఆటోమాటిక్ ట్రాన్స్‌మిషన్ (స్వయంచాలక గేరుపెట్టె) గల ట్రక్కులలో గేర్లు ఏ వేగం వద్ద మారవలెనో ఆ క్రమాన్ని మార్చే మీట. దీనిని నొక్కినప్పుడు ట్రాన్స్‌మిషన్ క్రింది గేరును మరికొంతసేపు పట్టి ఉంచి, ఇంజను ఎక్కువ చుట్లు తిరిగిన తరువాతనే పై గేరుకు మారుతుంది. పేరును బట్టి ఇది ఇంజను శక్తిని పెంచుతుందని చాలామంది భావిస్తారు. అది సరి కాదు. ఇంజనుకు ఉన్న శక్తి ఉన్నంతే. దానిని ముందుగా అందుకొనే వీలు మాత్రమే ఈ బటన్ కలిగిస్తుంది.

ఈ వ్యాసంలో ప్రధానంగా టయోటా పికప్ ట్రక్కులలోని "ఇ.సి.టి. పవర్" బటన్‌ను ఉదాహరణగా తీసుకొనడమైనది. ఇ.సి.టి. అనగా ఎలక్ట్రానిక్ నియంత్రణ గల ట్రాన్స్‌మిషన్.

నేపథ్యం

పాత ఆటోమాటిక్ గేరుపెట్టెలలో గేరు ఎప్పుడు మారవలెనో నూనె ఒత్తిడియే నిర్ణయించేది. వాల్వులు, స్ప్రింగులు కర్మాగారంలో ఎలా అమర్చితే అలాగే పనిచేసేవి గనుక డ్రైవరు ఎంచుకొనుటకు వేరే క్రమం ఉండేది కాదు. 1980లలో ఈ నిర్ణయం చిన్న కంప్యూటరు చేతికి వచ్చింది. అప్పుడు ఒకే గేరుపెట్టెకు రెండు క్రమపట్టికలు రాసి ఉంచుట సాధ్యమైంది. ఒకటి సాధారణ పట్టిక, రెండవది పవర్ పట్టిక. బటన్ చేసే పని పట్టిక మార్చుట మాత్రమే.

పనిచేసే విధానం

1995 నుండి 2004 వరకు అమెరికాలో అమ్మిన పలు టకోమా పికప్‌లలో ఎ340 కుటుంబానికి చెందిన నాలుగు గేర్ల ట్రాన్స్‌మిషన్ వాడారు. దీని గేరు నిష్పత్తులు 2.804, 1.531, 1.000, 0.705. చివరిది ఓవర్‌డ్రైవ్. కంప్యూటరు ముఖ్యంగా రెండు విషయాలు గమనిస్తుంది: యాక్సిలరేటరు ఎంత నొక్కబడింది, బండి ఎంత వేగంతో పోతున్నది. ఆ రెండు అంకెలను పట్టికలో చూసి రెండు సోలినాయిడ్ వాల్వులకు విద్యుత్తు పంపుతుంది, లేదా ఆపుతుంది. రెండు వాల్వులు, ఒక్కొక్కదానికి రెండు స్థితులు. మొత్తం నాలుగు కలయికలు, నాలుగు గేర్లు. ఇంత చిన్న లెక్కతో ఇంత పెద్ద బండి నడచుట ముచ్చట గొలిపే విషయం.

గేర్ల సైకిలుతో మిట్ట ఎక్కేవారికి దీని ఆంతర్యం వెంటనే బోధపడుతుంది. మిట్ట ఇంకా ముగియకముందే బరువైన గేరు వేస్తే కాళ్ళు బిగుసుకొని సైకిలు ఆగిపోతుంది; తేలిక గేరులోనే వేగంగా తొక్కితే ఎక్కగలుగుతాము. ఇంజను ఇచ్చే శక్తి, దాని తిప్పుబలం (టార్క్) మరియు చుట్ల సంఖ్యల లబ్ధానికి అనుపాతంలో ఉంటుంది. క్రింది గేరును పట్టి ఉంచితే చుట్లు పెరిగి శక్తి అందుతుంది.

ఇక్కడ గమనించదగిన అంశమొకటి ఉన్నది. యాక్సిలరేటరును పూర్తిగా నొక్కినప్పుడు రెండు పట్టికలకూ దాదాపు తేడా ఉండదు, ఎందుకంటే సాధారణ పట్టిక కూడా అప్పుడు గేరును చివరిదాకా లాగుతుంది. సగం నొక్కినప్పుడే బటన్ ప్రభావం స్పష్టంగా తెలుస్తుంది. కనుక పందెపు వేగం కొరకు దీనిని నొక్కేవారికి ఒరిగేది స్వల్పం. బరువుతో, మధ్యస్థ వేగంతో మిట్టలు ఎక్కేవారికి, వెనుక ట్రైలరు లాగేవారికి ఉపయోగం మెండు. అట్టి దారులలో ట్రాన్స్‌మిషన్ మూడు, నాలుగు గేర్ల మధ్య పదే పదే ఊగులాడుతుంది. మారిన ప్రతిసారీ లోపలి క్లచ్చిలు జారి నూనె వేడెక్కుతుంది. ఆటోమాటిక్ గేరుపెట్టెకు వేడిమియే ప్రధాన శత్రువు. పవర్ మోడ్ ఈ ఊగులాటను తగ్గిస్తుంది. బదులుగా ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది, ఇంజను శబ్దమూ పెరుగుతుంది. చదునైన రహదారిపై దీనిని నొక్కి ఉంచుట వ్యర్థం.

దిగుడు దారిలో ప్రమాదం

ఎక్కేటప్పుడు తోడ్పడిన బటన్ దిగేటప్పుడు కూడా బండిని పట్టి ఉంచుతుందని నమ్ముట ప్రమాదకరం. దిగుడులో యాక్సిలరేటరుపై నుండి కాలు తీస్తాము. కాలు తీస్తే పట్టిక ప్రకారం ట్రాన్స్‌మిషన్ పై గేరుకే మొగ్గుతుంది. అంతేగాక పైన చెప్పిన ఎ340లో "డి" స్థానంలో మొదటి, రెండవ గేర్లు ఒకవైపు మాత్రమే పట్టే క్లచ్చిల ఆధారంగా పనిచేస్తాయి. ఇంజను చక్రాలను తిప్పగలదు గాని, చక్రాలు ఇంజనును తిప్పబోతే ఆ క్లచ్చి వదిలివేస్తుంది. అనగా ఇంజను బ్రేకు ఉండదు. భారమంతా కాలి బ్రేకులపై పడి అవి కాగిపోతే పట్టు తప్పుతాయి. లివరును "2" లేదా "ఎల్" స్థానానికి దించితే వేరొక బ్రేకు బిగుసుకొని ఇంజను అడ్డుపడుతుంది. కావున ఘాట్ దిగునప్పుడు ఆధారపడవలసినది లివరు మీద, బటన్ మీద కాదు.

ఇతర బటన్‌లతో తేడా

కొన్ని టయోటా వాహనాలలో దీని ప్రక్కనే "సెకండ్ స్టార్ట్" బటన్ కూడా ఉంటుంది. అది మంచు, బురదలలో చక్రాలు జారకుండా బండిని రెండవ గేరులో కదిలిస్తుంది. పవర్ మోడ్‌కు దాదాపు వ్యతిరేకమైన పని. అమెరికా పికప్‌లలోని "టో/హాల్" మోడ్ కూడా గేరును ఆలస్యంగానే మారుస్తుంది. కాని చాలా నమూనాలలో అది దిగుడులో బ్రేకు నొక్కగానే తానే క్రింది గేరుకు దిగి ఇంజను బ్రేకు కల్పిస్తుంది.

భారీ లారీలలో అల్లిసన్ ట్రాన్స్‌మిషన్‌లకు "మోడ్" అనే బటన్ ఉంటుంది. దానిని నొక్కితే రెండవ పట్టిక అమలులోకి వస్తుంది. అది పొదుపు పట్టికయా, శక్తి పట్టికయా అన్నది లారీ తయారీదారు ఎంపికను బట్టి ఉంటుంది. కనుక ఒక లారీలో నేర్చినది మరొక లారీకి వర్తించకపోవచ్చు.

భారతదేశంలో

2022లో మన దేశంలో విడుదలైన టయోటా హైలక్స్ ఆటోమాటిక్ నమూనాలో ఆరు గేర్లు, 2.8 లీటర్ల డీజిల్ ఇంజను ఉన్నాయి. ఇందులో "ఎకో", "పవర్" అని రెండు బటన్‌లు కలవు. ఇక్కడ పవర్ బటన్ ముఖ్యంగా యాక్సిలరేటరు స్పందనను చురుకు చేస్తుంది. తిరుమల ఘాట్ వంటి దారులలో ఎక్కుటకు ఇది అనుకూలమే. దిగునప్పుడు మాత్రం ఈ బండిలోనూ లివరుతో క్రింది గేరును ఎంచుకొనవలెను.