కొప్పెక్కని పువ్వు

వినాయక చవితి దాటాక ఆదోని చుట్టుపక్కల నల్లరేగడి చేలలోకి పొద్దున్నే దిగితే పత్తి పువ్వు వయసు మళ్లడం కళ్లారా చూడొచ్చు. విచ్చుకునేటప్పుడు మీగడ రంగు. పొద్దు వాలేసరికి రేకుల అంచున గులాబీ జీర. మర్నాటికి నిండా ఎరుపెక్కి ముడుచుకుపోతుంది, ఆ తర్వాత రాలిపోతుంది. అందుకే ఒకే మొక్క మీద ఇవాళ్టి తెల్ల పువ్వూ నిన్నటి ఎర్ర పువ్వూ పక్కపక్కనే కనిపిస్తాయి. పువ్వు అడుగున అంచులు చీలిన మూడు ఆకుపచ్చ రేకలు కాపలా కాస్తుంటాయి. వాటిని వేలితో విప్పితే తరచుగా చీమలు బయటపడతాయి. పువ్వులోనే కాదు, ఆ రేకల దగ్గరా, ఆకు వెనక ఈనె మీదా కూడా పత్తి మొక్క తేనె ఊరిస్తుంది. చీమలు వచ్చేది దానికోసమే.

ఇంత చేసినా ఈ పువ్వును ఎవరూ కొప్పులో పెట్టుకోరు. చెప్పుకోదగ్గ వాసన లేదు, దండకు ఒదగదు, రెండో పూటకే వాడిపోతుంది. దేవుడి గదిలోకీ పువ్వుగా వెళ్లదు. కాయ పగిలి దూదయ్యాక, వత్తిగానో, పసుపుకుంకుమలు అద్దిన పత్తి వస్త్రంగానో వెళుతుంది. రైతు కూడా దాన్ని పువ్వనడు, పూత అంటాడు. గూడ నిలిచిందా, పిందె పట్టిందా అన్నదే అతని లెక్క.

మన కావ్యాల్లో పూలకు కరువు లేదు. మహాకావ్యంలో ఏమేం వర్ణించాలో దండి 'కావ్యాదర్శం'లో చెప్పాడు. ఆ దారిలోనే మనవాళ్లు అష్టాదశ వర్ణనలు లెక్కపెట్టుకున్నారు. ఋతువులు అందులో ఉన్నాయి, ఉద్యానవిహారం ఉంది. ప్రబంధాల్లో చెలికత్తెలంతా గుంపుగా వెళ్లి సంపెంగలు, పొన్నలు, పొగడలు కోస్తారు. పడుచు కాలితో తంతే అశోకం పూస్తుందని, పుక్కిటి మద్యం చల్లితే పొగడ పూస్తుందని కవిసమయాలు కూడా ఉన్నాయి. దేశంలో తన్నులు తిన్న అశోకాలెన్నో గానీ కావ్యాల్లో మాత్రం లెక్కలేనన్ని! ఆ తోటలో పత్తికి చోటు లేదు. అది తోట మొక్క కాదు, చేను మొక్క.

ప్రబంధాలను వదిలి వెనక్కి వెళితే కథ వేరుగా ఉంటుంది. పురాణాల పట్టికలో 17వ సాతవాహన రాజు హాలుడు. అతని పేరున ఉన్న 'గాథాసప్తశతి' ప్రాకృతంలో రెండేసి పంక్తుల గాథల సంకలనం, కోటి గాథల్లోంచి ఏరిన 700 అని అదే చెప్పుకుంటుంది. కోటి సంగతి అలా ఉంచితే, ఏరినవాడి చూపు మాత్రం కోట మీద లేదు, ఊరి మీద ఉంది. ఒక గాథలో పత్తి చేను మొదటి దుక్కి. మంచిరోజు చూసి నాగలికి పూజ చేస్తున్న ఇల్లాలి చేతులు వణికిపోతుంటాయి. భక్తితో కాదు. పైరు ఏపుగా ఎదిగాక తన రహస్య స్నేహితుణ్ణి ఆ చేలోనే కలుసుకోవచ్చన్న ఊహతో. ఏరువాక నాడు నాగలికి బొట్టు పెట్టడం ఎరిగినవాళ్లకు ఆ దృశ్యాన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇంకో గాథలో వరి పండి చేలు తెల్లబడుతున్నాయని తల వంచుకుని ఏడుస్తున్న పిల్లను చెలి ఓదారుస్తుంది: వరి పోతే పోయింది, జనుము చేను పూసింది చూడు, పసుపుపచ్చని హరిదళం పూసుకున్న నటి మొహంలా ఉందని. మరొకచోట ఇప్పపూల కాలం అయిపోతున్నదని ఒకామె ఆఖరి పూలను ఏడుస్తూ ఏరుకుంటుంది, చితిలో బంధువు అస్థికలు ఏరుకున్నట్టు. ఋతువు మారితే పూలు రాలతాయన్నది అందరూ చెప్పే మాటే. దానివల్ల ఒక మనిషి ఏం పోగొట్టుకుంటుందో చూసినవాళ్లు ఈ గాథాకవులు. నా మటుకు నాకు, ప్రబంధాల్లోని వసంతాలన్నీ ఒకవైపు, ఈ ఇప్పపూలు ఒకవైపు.

హాలుడికీ ఆదోనికీ చుట్టరికం ఏమిటంటారా? నిజమే, గాథల్లో మాటిమాటికీ వినిపించే నది గోదావరే, తుంగభద్ర కాదు. కానీ సాతవాహనుల రాతే ఇక్కడ ఉంది. మ్యాకదోనికీ చిన్నకడబూరుకూ నడుమ ఒక గుండు మీద సిరి పులుమావి 8వ పాలనా సంవత్సరపు ప్రాకృత శాసనం చెక్కి ఉంది. వేపురక అనే ఊళ్లో ఒక గృహస్థు చెరువు తవ్వించాడని అందులో ఉంది, ఈ సీమను సాతవాహనిహారమని చెప్పింది. అంటే గాథల భాష ఈ బండల మీద అధికార భాష. చెరువు తవ్వించినవాడి ఊరికి ఏరువాక వచ్చే ఉంటుంది.

ఆ గాథలు తెలుగులోకి రావడానికి చాలాకాలం పట్టింది. నూనూగు మీసాల వయసులో శాలివాహన సప్తశతిని తెలుగు చేశానని శ్రీనాథుడు చెప్పుకున్నాడు గానీ ఆ పుస్తకం మనకు మిగల్లేదు. ఇరవయ్యో శతాబ్దంలో మళ్లీ పూనుకున్నవాడు అనంతపురం జిల్లావాడు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ. ఆయన 'శాలివాహన గాథాసప్తశతీ సారము'తో ఆ పల్లె మనుషులు తెలుగు పద్యాల్లోకి నడిచొచ్చారు.

గాథల కాలపు పత్తి పువ్వు ఇప్పటిది కాదు. అది దేశవాళీ పత్తి. పసుపు రేకులు, గొంతులో ముదురెరుపు మచ్చ. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో బళ్లారి, కర్నూలు, అనంతపురం జిల్లాల పత్తిని వ్యాపారులు 'వెస్టర్న్స్' అనీ 'ముంగారి' అనీ పిలిచేవారు. ముంగారు వానలకు విత్తేది ముంగారి. అప్పట్లో ఆదోని బళ్లారి జిల్లాలోది, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంతో పాటు కర్నూలుకు వచ్చింది. తర్వాత అమెరికన్ జాతి పత్తి, సంకర విత్తనాలు, 2002 నుంచి బీటీ వచ్చాయి. పసుపు పువ్వు పోయి, రంగు మారే ఈ మీగడ పువ్వు చేలన్నీ కప్పేసింది.

పూత వెళ్లాక పత్తి కథ ఆదోని మార్కెట్ యార్డులో తూకానికి చేరుతుంది. 'రెండో బొంబాయి' అని ఊరికి పేరు తెచ్చిన వ్యాపారం అదే. ఎమ్మిగనూరులో నూలు మగ్గమెక్కుతుంది. 1938లో మాచాని సోమప్ప అక్కడ నేతగాళ్ల సహకార సంఘం పెట్టాడు, 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కొప్పెక్కని పువ్వు చీరై ఒంటి మీదికెక్కింది. మరోవైపు వానలు మొహం చాటేసిన ఏడు కోసిగి, హొళగుంద వైపు ఇళ్లకు తాళాలు పడతాయి. జనం పిల్లాపాపలతో గుంటూరుకో తెలంగాణకో సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు, ఇంకొకరి చేలో పత్తి తీయడానికి. గాథలో ఆ పిల్ల ఏడ్చింది పైరు కోతకొచ్చిందని. వీళ్లకు కోతకు రాకపోవడమే దిగులు.

పత్తి పువ్వును పట్టించుకోకపోయినా, చేను మనుషుల ఋతువును కళ్లతో చూసిన ప్రబంధకవి ఒకడున్నాడు, శ్రీకృష్ణదేవరాయలు. ఆదోని ఆయన ఏలుబడిలోదే. 'ఆముక్తమాల్యద' వానాకాలంలో జడివానకు రెడ్లు గురుగు, చెంచలి, తుమ్మి, చింతచిగురు నూనెతో పొరటి, ఆరుగన్నంలో కలుపుకుని తింటారు. దూడలు ఒళ్లు నాకుతుంటే, మేక ఎరువు రాజేసిన కుంపటి దగ్గర మంచమెక్కుతారు. సింహాసనం మీద కూర్చున్నవాడికి మేక ఎరువు సెగ ఎలా తెలిసిందో!

ఆ పద్యంలోని కూరలు ఇప్పటికీ తినదగ్గవే. చింతచిగురు గంపల్లో అమ్మకానికొస్తుంది. గురుగు, చెంచలి మాత్రం ముంగారు వాన పడ్డాక ఆనవాలు తెలిసినవాళ్లు గట్ల వెంట ఏరుకోవాల్సిందే. కలుపుమందు కొట్టిన పత్తి చేలో అవి దొరకవు, జొన్న చేల వైపు వెళ్లాలి.