మోటారు పీల్చు గాలి

జగిత్యాల నుండి కోరుట్లకు పోవు 63వ నెంబరు జాతీయ రహదారి ప్రక్కన వేసవి మధ్యాహ్నమున నిలుచున్నవారికి దుమ్మును గురించి వేరుగా చెప్పనక్కరలేదు. లారీ ఒకటి దాటిపోగానే లేచిన ధూళి వేపాకులపై వ్రాలును. నడచిపోవువాడు తువాలు ముక్కునకు అడ్డము పెట్టుకొనును. ఆ దుమ్ములోనే పోవుచున్న కారు మాత్రము ఊపిరి బిగబట్టజాలదు. ఇంజను తిరుగుచున్నంత సేపు అది గాలిని పీల్చుచునే యుండవలెను.

అది పీల్చు గాలి ఎంత? ఒక కిలోగ్రాము పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోగ్రాముల గాలి కావలెను. లీటరు పెట్రోలు తూకము ముప్పాతిక కిలోకు కొంచెము తక్కువ. లెక్క కట్టి చూచినచో లీటరు పెట్రోలుకు దాదాపు 9,000 లీటర్ల గాలి అవసరమని తేలును. అనగా అయిదు లీటర్లు ఖర్చు చేసిన కారు 45,000 లీటర్ల గాలిని మ్రింగినదన్నమాట. ట్రాక్టరు వెనుక నీరు మోసెడి 5,000 లీటర్ల ట్యాంకర్లు తొమ్మిదింటిని వరుసగా నిలిపినచో ఆ పరిమాణము కండ్లకు కట్టును.

పెట్రోలునకు ధర కలదు గనుక దాని లెక్క అందరికిని తెలియును. గాలికి ధర లేదు గనుక దాని సంగతి ఎవరును తలపరు. అయితే ఇటీవల కొందరు యువకులు ఈ గాలిదారిపైననే దృష్టి నిలుపుచున్నారు. కారుతో వచ్చిన వడపోత పెట్టెను ఊడదీసి, అంగడిలో ‘ఎయిర్ ఇన్‌టేక్ కిట్’ అను పేర దొరకు వెడల్పు గొట్టమును, శంఖాకారపు వడపోతను ఇంటి ముంగిట తామే అమర్చుకొనుచున్నారు. దీనివలన బలము పెరుగునని నమ్మకము. ఆ నమ్మకములో నిజమెంతయో తెలియవలెనన్న, ఇంజను గాలిదారి ఈ రూపమునకు ఎట్లు వచ్చినదో తెలిసికొనవలెను.

నూనెతో కడిగిన గాలి

1886 జనవరి 29న జర్మనీలో కార్ల్ బెంజ్ తన మూడు చక్రముల బండికి పేటెంటు కోరెను. పెట్రోలును గాలితో కలుపు సాధనమైన కార్బ్యురేటరు ఆ తరువాతి సంవత్సరములలో త్వరితముగా మెరుగుపడెను. 1893 ప్రాంతమున విల్‌హెల్మ్ మేబాక్, హంగేరీలో బాంకి, చోంకా అను ఇరువురు, పెట్రోలును సన్నని తుంపరగా చిమ్ము పద్ధతిని రూపొందించిరి. కాని ఆ తొలి బండ్లలో పెక్కింటికి గాలిని వడకట్టు ఏర్పాటే లేదు. అవి మెల్లగా నడచెడివి, కొద్ది దూరమే పోయెడివి.

మట్టి దారులపై ఎక్కువ దూరము తిరుగ మొదలిడిన తరువాత అసలు చిక్కు బయటపడెను. దుమ్ములో ముఖ్యభాగము సిలికా. దాని కాఠిన్యము ఉక్కుకంటె ఎక్కువ. సిలిండరు గోడకును పిస్టను రింగులకును నడుమ ఉండు నూనె పొర మందము కొన్ని మైక్రాన్లు మాత్రమే. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఆ పొరకంటె కొంచెము లావుగా నున్న సిలికా రేణువు లోన చేరినచో అది ఆకురాయి వలె లోహమును గీయును. పిదప రింగుల సందున నూనె పైకి ప్రాకును, పొగ గొట్టమున నీలి పొగ వచ్చును, బలము తగ్గును. కరీంనగరు ప్రాంతమున గ్రానైటు గనులు అనేకము. గ్రానైటు పొడిలో క్వార్ట్జు సమృద్ధిగా నుండును గనుక ఈ ప్రాంతపు ధూళి ఇంజనునకు సాధు ధూళి కాదు.

దీనికి 1930 దశకము నుండి విరివిగా వాడుకలోనికి వచ్చిన విరుగుడు నూనె స్నానపు వడపోత. లోనికి వచ్చిన గాలి ఒక గిన్నెలోని నూనెపై వేగముగా దిగి, అకస్మాత్తుగా పైకి మళ్ళును. గాలి తేలిక గనుక మలుపు తిరుగును. ధూళి బరువు గనుక మలుపు తిరుగలేక నూనెలో పడును. న్యూటను జడత్వ సూత్రమే ఇచ్చట కాపలాదారు. రెండవ ప్రపంచ యుద్ధపు జీపులకు ఈ వడపోతయే ఉండెడిది.

నిజాము రాష్ట్రమున రైల్వే శాఖ 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించెను. నేటి ప్రభుత్వ బస్సు సంస్థలకు అది పూర్వరూపము. యుద్ధకాలమున పెట్రోలు కరవైనప్పుడు దేశమున అనేక బస్సులకు బొగ్గు గ్యాసు పొయ్యిలు తగిలించిరి. కట్టెబొగ్గును తక్కువ గాలిలో మండించగా వచ్చు కార్బను మోనాక్సైడును చల్లార్చి, వడకట్టి, ఇంజను గాలిదారిలోనికి పంపెడివారు. బండి నడచెడిది గాని బలములో మూడవ వంతో, అంతకు మించియో పోయెడిది. వడపోత సరిగా లేనిచోట బూడిదయు తారును ఇంజనును పాడుచేసెడివి. గాలిదారిని మార్చినవాడు వడపోతను మరువరాదను పాఠము ఆనాడే తెలిసినది.

ఎడారిలో ఒక పరీక్ష

అదే యుద్ధమున మరొక ఉదాహరణ కలదు. 1942లో మాల్టాకును ఉత్తర ఆఫ్రికాకును పంపిన బ్రిటిషు స్పిట్‌ఫైర్ విమానములకు ఇసుకనుండి రక్షణగా ముక్కు క్రింద వోక్స్ కంపెనీవారి పెద్ద వడపోత అమర్చిరి. ఇంజను దక్కెను గాని, ఆ ఉబ్బెత్తు పెట్టె గాలికి అడ్డమై విమాన వేగము తగ్గెను. ఈజిప్టులోని అబూకిర్ మరమ్మతు కేంద్రమువారు తమ పనిశాలలోనే అంతకంటె చిన్నది, నున్ననిది అయిన వడపోతను తయారుచేసి విమానములకు బిగించిరి. పోయిన వేగములో కొంత తిరిగి వచ్చెను. గమనింపదగిన విషయమేమన, శత్రువు వెన్నంటియున్నను ఆ పనివారు వడపోతను పారవేయలేదు. దాని ఆకారమును మాత్రమే సవరించిరి.

కాగితము, గాజుగుడ్డ

యుద్ధానంతరము, ముఖ్యముగా 1950 దశకము చివరినుండి, మడతల కాగితపు వడపోత నూనె గిన్నె స్థానమును ఆక్రమించెను. కోరుట్ల ఒకప్పుడు చేతి కాగితమునకు ప్రసిద్ధి గాంచిన ఊరు. కాగితము పుట్టుక చూచినవారికి ఈ వడపోత పనితనము సులభముగా బోధపడును. నీటిలో తేలు నారపోగులను తడికెపై ఎత్తగా అవి అడ్డదిడ్డముగా పెనవేసికొని పొరగా ఏర్పడును. ఆ పోగుల నడుమ లెక్కలేనన్ని వంకరదారులు మిగులును.

వడపోత కాగితము జల్లెడ వంటిదని పలువురి భావన. అది సగమే నిజము. కాగితపు రంధ్రముకంటె చిన్న రేణువు సైతము అందు చిక్కుకొనును. పెద్ద రేణువు మలుపు తిరుగలేక పోగును గ్రుద్దుకొనును; నడిమి రేణువు ప్రక్కగా పోవుచు పోగునకు అంటుకొనును; మిక్కిలి సూక్ష్మమైనది గాలి అణువుల తాకిడికి ఇటునటు చలించి ఎక్కడనో అతుకుకొనును. పట్టుకొన్న ధూళియు తానొక వడపోతగా మారును. అందుచేత కొంచెము మాసిన కాగితము క్రొత్తదానికంటె మెరుగుగా వడకట్టును. మరీ మాసినప్పుడు మాత్రము గాలికి అడ్డగును.

అంగడిలో దొరకు ఇన్‌టేక్ కిట్లలో పెక్కింటికి ఉండునది కాగితము కాదు, నూనె పూసిన నూలు గాజుగుడ్డ పొరలు. అమెరికాలో 1969లో నెలకొన్న కె అండ్ ఎన్ సంస్థ మోటారు సైకిళ్ళ పందెములలో దీనికి ప్రచారము తెచ్చెను. మరమగ్గముల పట్టణమైన సిరిసిల్లలో పలుచని నేతకును దట్టపు నేతకును గల భేదము చిన్నపిల్లలకును తెలియును. నేత పలుచనైనచో గాలి ధారాళముగా పోవును. ధూళియు అట్లే పోగలదు. ఆ లోటును నూనె జిగట కొంతవరకు పూడ్చును. గుడ్డను కాలానుసారము ఉతికి, నీడన ఆరబెట్టి, మరల నూనె పూయవలెను. ఆ శ్రద్ధ లేనివాని చేతిలో ఈ వడపోత ఇంజనునకు మేలుకంటె కీడే ఎక్కువ చేయును.

బలము పెరుగునా?

ఇక మొదటి ప్రశ్న. శుభ్రమైన కాగితపు వడపోత, ఇంజను పూర్తి వేగమున పీల్చునప్పుడు సైతము, గాలి పీడనమును సాధారణముగా నూటికి ఒకటి రెండు పాళ్ళకు మించి తగ్గించదు. అది తొలగిపోయినను దక్కునది అంతే. ఊరిలో మామూలుగా నడపునప్పుడు ఆ లాభమును లేదు. ఏలయన అప్పుడు త్రాటిలు రెక్క సగము మూసియే యుండును. ద్వారమును సగము మూసికొని కిటికీ తెర పలుచగా లేదని విచారించిన ఫలమేమి? 2009లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ పరిశోధనశాల వారు, ఇంధనమును ఎలక్ట్రానిక్ విధానమున చిమ్ము కార్లలో వడపోత పూడిపోయినను మైలేజీ చెప్పుకోదగినంతగా మారదనియు, వేగము అందుకొనుట మాత్రము మందగించుననియు తేల్చిరి.

చల్లని గాలి సంగతి వేరు. చల్లని గాలి చిక్కన. ఒకే పరిమాణములో ఎక్కువ ప్రాణవాయువు ఇముడును. జగిత్యాలలో వేసవి ఎండ 45 డిగ్రీలున్నదనుకొందము. బానెట్టు లోపల 60 డిగ్రీలున్నచో, లోపలి గాలి బయటి గాలికంటె నూటికి నాలుగైదు పాళ్ళు పలుచనగును. కావున బయటి గాలిని తెచ్చు గొట్టము మేలు. అయితే పెక్కు కార్లలో కంపెనీ అమర్చిన గొట్టపు మూతి ముందుజాలి వెనుకనో, మడ్‌గార్డు చాటుననో బయటి గాలికే తెరచి యుండును. దానిని తీసివేసి, శంఖాకారపు వడపోతను ఇంజను ప్రక్కననే బహిరంగముగా నిలిపినవాడు చల్లని గాలిని వదలుకొని వేడి గాలిని కొనితెచ్చుకొన్నవాడగును.

మరి చాలమందికి బలము పెరిగినట్లు తోచుటకు హేతువేమి? పాత పెట్టెకు ప్రక్కన గల ఖాళీ గది వంటి భాగము శబ్దమును మ్రింగుటకు ఏర్పడినది. జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ పేర పరగు అనునాద సూత్రము దానికి ఆధారము. అది పోగానే ఇంజను పీల్పు గంభీరముగా వినవచ్చును. చెవి ఆ ధ్వనిని బలమని మనస్సునకు చెప్పును.

మరొక చిక్కు. కొన్ని కార్లలో గొట్టము నడుమ వేడి తీగ ఒకటి గాలి ప్రవాహమును కొలిచి, ఎంత పెట్రోలు చిమ్మవలెనో కంప్యూటరునకు తెలుపును. 60 మిల్లీమీటర్ల గొట్టము బదులు 70 మిల్లీమీటర్లది అమర్చినచో వైశాల్యము నూటికి 36 పాళ్ళు పెరిగి, అదే గాలి మెల్లగా సాగును. తీగ దానిని తక్కువ గాలిగా భ్రమించును, పెట్రోలు తగ్గును, మిశ్రమము పలుచబడును. గాజుగుడ్డకు నూనె మితిమీరినచో ఆ తీగపై చేరియు లెక్క తప్పించవచ్చును.

అమర్చువారు ఎరుగవలసినది

అయినను అమర్చదలచినవారు ఇంజను చల్లారిన తరువాతనే పని మొదలిడవలెను. బ్యాటరీ రుణధ్రువపు తీగ ముందుగా విప్పవలెను. పాత గొట్టము తీసిన క్షణమునుండి ఇంజను నోరు తెరచియుండును. అందు చిన్న మర పడినను పెద్ద నష్టము. శుభ్రమైన గుడ్డతో మూయవలెను. బిగించుటకు ముందు ఆ గుడ్డను మరువక తీయవలెను. వడపోతకును ఇంజనుకును నడుమ నున్న ప్రతి అతుకును చేతితో తడిమి చూడవలెను. అచ్చట వెండ్రుకవాసి సందున్నను వడకట్టని గాలియే లోనికి పోవును. పాత పెట్టెను దాచియుంచుట వివేకము. నమోదు పత్రములోని వివరములు మారునట్లు వాహనమును సవరించరాదని 1988 మోటారు వాహనముల చట్టపు 52వ విభాగము శాసించుచున్నది. సవరణ వలన కంపెనీ హామీ చెల్లకపోవచ్చును.

అన్నిటికంటె పెద్ద అపాయము నీరు. చల్లని గాలి కొరకు కొందరు గొట్టపు మూతిని బంపరు అడుగునకు దింపుదురు. 2021 సెప్టెంబరులో సిరిసిల్ల వీధులు వరదనీట మునిగినవి. అట్టి నీటిలో క్రిందికి దిగిన మూతి గాలికి బదులు నీటిని పీల్చును. గాలి నొక్కినచో ఇముడును, నీరు ఇముడదు. పైకి వచ్చు పిస్టను ఆ నీటిని నొక్కలేక కనెక్టింగు రాడ్డును వంచివేయును. నాలుగైదు పాళ్ళ బలము కోరి మొత్తము ఇంజనును పోగొట్టుకొనుట జరుగును.

గల్ఫు దేశములలో డ్రైవర్లుగా పనిచేసి వచ్చినవారు ఈ మూడు పట్టణముల చుట్టు గ్రామములలో అనేకులు కలరు. ఎడారి దుమ్ములో బండి నడపినవారికి వడపోత విలువ పుస్తకము చూడకయే తెలియును. క్రొత్త గొట్టమునకు వెచ్చించు ధనములో కొద్దిభాగముతోనే సకాలమున క్రొత్త కాగితపు వడపోత కొనవచ్చును. వరికోతల కాలమున పొట్టు రేగినప్పుడు, వేసవి దుమ్ము ముదిరినప్పుడు పెట్టె మూత తెరచి చూచుటకు పట్టునది అయిదు నిమిషములు. నూరు సంవత్సరములకు పైగా ఇంజనీర్లు శ్రమపడినది గాలిని ఎక్కువగా పంపుటకు మాత్రమే కాదు, శుభ్రముగా పంపుటకు. ఇంజను ఆయువు ఆ రెండవదానిపైననే ఎక్కువగా ఆధారపడి యున్నది.