ముఖలేపములందుఁ బ్రతినిధివిచారము

ముఖమునకుఁ బూయు లేపములను, తైలములను గృహముననే సిద్ధము చేసికొనువారు నేఁడును బెక్కుమంది కలరు. దొరకని ద్రవ్యమునకు మాఱుగా వేఱొకటి వేసి, చిక్కనైనచో నీరు చేర్చి, పలుచనైనచోఁ బిండి చేర్చి, యోగమును తమ కనువుగా దిద్దుకొనుట వారి యాచారము. ఈ దిద్దుబాటు శాస్త్రసమ్మతమా కాదా యనుచోట రెండు పక్షములు వినఁబడుచున్నవి. ఋషిప్రోక్తమైన యోగమునం దక్షరమైనను మార్పరాదని కొందఱు. ప్రాచీనులే యొక్కపనికిఁ బది యోగములు చెప్పిరి గావున నేది మార్చినను దోషము లేదని మఱికొందఱు. వైద్యగ్రంథములను బరిశీలింపఁగా నీ రెండును నిలుచునవి కావు. మార్పు కలదు, కాని యది విధికి లోఁబడినది.

వాగ్భటుని యష్టాంగహృదయము క్రీ. శ. 7వ శతాబ్ది ప్రాంతమున వెలసినదని విమర్శకుల తలంపు. అందు సూత్రస్థానమున 22వ యధ్యాయమున ముఖలేపవిధి కలదు. లేపము దోషహరము, విషహరము, వర్ణకరము నని మూఁడు తెఱఁగులు. వాతకఫములయెడ వెచ్చగాను, తక్కినచోట్లఁ జల్లగాను బూయవలయును. పూఁతమందమునకు అంగుళమునఁ బాతిక, మూఁడవవంతు, సగము నని మూఁడు ప్రమాణములు. పూసినదానిని ఆఱనీయరాదు, ఆఱినచో నది చర్మకాంతిని జెఱచును. దానిని దడిపి తీసి, పిదప ముఖమునకుఁ దైలము రాయవలయును. లేప మున్నంతవఱకుఁ బగటినిద్ర, మాటలాడుట, అగ్ని, యెండ, శోకము, క్రోధము వర్జ్యములు. మాటలాడరా దనుటకుఁ గారణము స్పష్టమే; పూఁత బీటలు వాఱును. క్రోధము నిషేధించుటకుఁ గారణ మూహింపఁదగినదే కాని, యింటఁ బాటించుట లేపము నూఱుటకంటెఁ గష్టము.

అచటనే ఋతువున కొకటిగా నాఱు లేపములు చెప్పఁబడినవి. హేమంతమున రేగుగింజలలోని పప్పు, అడ్డసరపు వేరు, లొద్దుగ, తెల్లావాలు. గ్రీష్మమునఁ గలువలు, గఱిక, అతిమధురము, చందనము. ఈ రెండింటను సమానమైన ద్రవ్య మొక్కటియు లేదు. కాఁబట్టి యీ యాఱింటిని దోఁచినదానిఁ గైకొను వికల్పముగా భావింపరాదు. ఇది వైయాకరణులు చెప్పు వ్యవస్థితవిభాష వంటిది. ఏది యెచ్చట నన్నది ముందే నిర్ణీతము. పది యోగము లుండుట స్వేచ్ఛకుఁ బ్రమాణ మనువారి వాద మిచ్చటనే సడలుచున్నది.

ఇఁక మానమును గూర్చి. అదే గ్రంథమున ఉత్తరస్థానము 32వ యధ్యాయమునఁ గుంకుమాదితైలము కలదు. కషాయద్రవ్యములు పలము చొప్పునఁ గొని, యాఢకము నీటఁ గాఁచి, నాల్గవవంతు మిగుల్పవలయును. కల్కద్రవ్యములు కర్షము చొప్పున, తైలము కుడవము, మేకపాలు తైలమునకు రెండింతలు. కుడవమునకు 4 పలములు, ప్రస్థమునకు 16, ఆఢకమునకు 64. అయితే శార్ఙ్గధరుని పరిభాష ననుసరించి ద్రవములకుఁ గుడవమువఱకు మానము యథాతథము, ప్రస్థము మొదలుకొని ద్విగుణము. అందుచే నిచ్చట నీరు 128 పలములు, తైలము 4 పలములే యగును. ఈ పరిభాష నెఱుఁగనివాఁడు యోగమును నాలుగురెట్లు చేయఁబూని, నాలుగు కుడవములు ప్రస్థమే కదా యని తైలము ప్రస్థమని వ్రాసికొన్నాఁ డనుకొందము. దానిని జదివిన వైద్యుఁడు 32 పలములు గ్రహించును, కావలసినవి 16. ద్రవ్యములు నాలుగురెట్లు, తైలము ఎనిమిదిరెట్లు నై, యోగము సగము బలము గోల్పోవును. నీరు హెచ్చినచోఁ గట్టెలు హెచ్చుగాఁ గాలును, అంతియే. తైలము హెచ్చినచో దానిఁ దిద్దుట లేదు.

ద్రవ్యమును మార్చుట వీనికంటెఁ జిక్కైన విషయము. 16వ శతాబ్దికిఁ జెందిన భావమిశ్రుఁడు తన భావప్రకాశమున అభావద్రవ్యములకుఁ బ్రతినిధులను గ్రమముగాఁ జెప్పెను. తేనె లేనిచోఁ బాతబెల్లము, రసాంజనము లేనిచో మ్రానిపసుపు, కుంకుమపువ్వు లేనిచోఁ గ్రొత్త కుసుమపువ్వు. వెంటనే యొక కట్టడియుఁ జేసెను. యోగమున నప్రధానమైనదానికే ప్రతినిధి. ప్రధానమైనదానికి సదృశద్రవ్యమును గ్రహింపఁగూడదు. ఇఁకఁ గుంకుమాదితైలమునఁ గుంకుమపువ్వునకు బదులు కుసుమపువ్వు వేయవచ్చునా?

పేరే ప్రాధాన్యమునకు సాక్షి యని కొందఱందురు. ఇది దుర్బలము. కుంకుమాది యనఁగాఁ గుంకుమము మొదటఁ గలది యని మాత్రమే యర్థము. భ్వాదిగణమున భూధాతువు మొదటిదే కాని తక్కినవానికిఁ బ్రభువు కాదు. వేఱు లింగమును వెదకవలయును. ఈ యోగమున లక్క, మంజిష్ఠ, అతిమధురము, కుంకుమపువ్వు నను నాలుగు మాత్రమే కషాయమునందును గల్కమునందును రెండుమాఱులు గ్రహింపఁబడినవి. అందును గుంకుమపువ్వు కషాయద్రవ్యముల పట్టికకు మొదట, కల్కద్రవ్యముల పట్టికకుఁ దుద నున్నది. ఉపక్రమోపసంహారములు తాత్పర్యలింగములని మీమాంసకులు చెప్పుదురు గదా. కావున నది ప్రధానమే, దానికిఁ బ్రతినిధి లేదు. చందన మొక్కమాఱే వచ్చినది గావున దాని కెఱ్ఱచందనమును గైకొనుట కడ్డి లేదు.

కుసుమపువ్వును భావమిశ్రుఁడు పేర్కొనియే చెప్పెను గదా, యా వాక్యము వ్యర్థము కాదా యని శంక కలుగవచ్చును. కాదు. కుంకుమపువ్వు అప్రధానముగాఁ జేరు యోగములయం దా వాక్యము సావకాశము. స్థానివద్భావము సైతము వర్ణాశ్రయమైన విధులయందుఁ జెల్లదు. అట్లే ద్రవ్యముయొక్క సొంత రంగును గంధమును నాశ్రయించిన ఫలము ప్రతినిధివలన రాదు. కుంకుమపువ్వు రంగునకు మూలము క్రోసిన్, కుసుమపువ్వు ఎఱుపునకు మూలము కార్తమిన్. ఈ రెండును వేఱని రసాయనశాస్త్రము తెలుపుచున్నది.

భ్రాంతికిఁ గోశములందును గొంత చోటున్నది. అమరకోశమున నగ్నిశిఖము కుంకుమపువ్వు, వహ్నిశిఖము కుసుమపువ్వు. అర్థ మొక్కటే, ద్రవ్యములు వేఱు. ఒకటి కాశ్మీరమునఁ బాంపూరు ప్రాంతమునఁ బండును, రెండవది తెలంగాణపు మెట్టపొలములఁ బండును. తెలుఁగున నింకొక చిక్కు. మన వాడుకలోఁ గుంకుమ యనఁగాఁ బసుపుతో సున్నము, వెలిగారము మొదలగునవి చేర్చి చేయు బొట్టుపొడి. అంగటిలో దొరకుదానఁ గృత్రిమవర్ణములు కలియుటయుఁ గలదు. కుంకుమ యని మాత్రమే వ్రాసిన తాత్పర్యమును జదివి యొకరు దానినే నూనెలోఁ గాఁచి ముఖమునకుఁ బూసికొన్నచోఁ గలుగునది వర్ణము కాదు, మంట. ఆంధ్రతాత్పర్యకర్తలు కుంకుమపువ్వు అని పూర్తిగా వ్రాయవలయును.