జలస్తంభన విద్య – ఆర్మగాన్ కోట

లేని నీటిని ఉన్నట్టు చూపడం ఎంతటి విద్యో మన భారతకథ ఏనాడో చెప్పింది. నన్నయభట్టారకుడు తెనిగించిన సభాపర్వంలో మయసభకు వచ్చిన దుర్యోధనుడు స్ఫటికపు నేలను నీరని భ్రమించి వస్త్రం ఎగగట్టుకొన్నాడు. నిజమైన మడుగును నేల అనుకొని అందులో పడ్డాడు. ఆ దుర్యోధనుడే యుద్ధాంతంలో ద్వైపాయన హ్రదంలో జలస్తంభన చేసి దాగినాడు. ఆ శల్యపర్వ కథను తెలుగు చేసినవాడు మా నెల్లూరి తిక్కన సోమయాజి. కదిలే నీటిని కదలకుండా నిలిపే ఆ స్తంభన విద్యనే ఈనాడు యుద్ధదృశ్యాలను చిన్న నమూనాలుగా కూర్చే కళాకారులు మరొక విధంగా సాధన చేస్తున్నారు. ఇటువంటి కూర్పును డయోరమా అంటారు.

మా తీరంలోని దుగరాజపట్నం వద్ద ఒకప్పుడు ఉండిన ఆర్మగాన్ కోటను పిల్లలకు నమూనాగా చూపాలన్న కోరికతో నేను ఈ విద్యను కొంత పరిశీలించాను. కోట గోడలను అట్టతోనో చెక్కతోనో నిలపవచ్చు. చిక్కంతా సముద్రంతోనే.

ముందుగా చరిత్ర చెప్పుకొందాము. ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తకస్థానం పెట్టుకొన్నది. డచ్చివారు ప్రళయకావేరిలో, అనగా పులికాటులో, 1613 నాటికే గెల్డ్రియా కోట కట్టుకొని ఉన్నారు. మచిలీపట్నంలో అధికారుల ఒత్తిడి, దక్షిణాన డచ్చివారి పోటీ, ఈ రెంటి నడుమ నలిగిన ఆంగ్లేయులు 1626లో దుగరాజపట్నం తీరాన స్థావరం ఏర్పరచుకొని, దానికి రక్షణ కల్పించి, పన్నెండు ఫిరంగులు నిలిపారు. తమకు తోడ్పడిన ఆర్ముగం మొదలియారు పేరిట దానికి ఆర్మగాన్ అని పేరు పెట్టారని అంటారు. చోళమండల తీరంలో ఆంగ్లేయులు కోటగా బలపరచుకొన్న తొలి స్థానం ఇదే. చెన్నపట్నపు సెయింట్ జార్జి కోటకు ఇది అక్క.

ఆ చోటునే ఎన్నుకోవడానికి కారణం నీటిలో ఉన్నది. మన తూర్పు తీరంలో సహజమైన రేవులు అరుదు. ఓడలు దూరాన లంగరు వేసుకోవలసినదే. సరుకునూ మనుషులనూ అలలు దాటించేవి మసూలా పడవలు. వాటి పలకలను మేకులతో బిగించక కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టేవారు గనుక, అల తాకిడికి పడవ పగలక వంగి నిలిచేది. దుగరాజపట్నం ఎదుట మాత్రం ఒడ్డుకు సమాంతరంగా, నీటి అడుగున, పొడవైన ఇసుకమేట ఒకటి ఉన్నది. నావికుల పటాలలో అది ఆర్మగాన్ షోల్. మేటకూ ఒడ్డుకూ నడుమ ఉన్న నీరు బయటి సముద్రం కంటె నెమ్మదిగా ఉంటుంది. తరువాతి కాలపు ఆంగ్లేయులు ఆ లోపలి నీటిని బ్లాక్‌వుడ్ హార్బర్ అని పిలిచారు.

కనుక నమూనాలో ఈ ఇసుకమేట కనబడకపోతే కోట కథ అర్థం కాదు. దానిని చూపడం ఎట్లా?

పళ్ళెంలో నిజమైన నీరే పోస్తే సరిపోదా అని పిల్లలు అడుగుతారు. సరిపోదు. బొమ్మను డెబ్బదిరెండవ వంతుకు తగ్గించినా నీటి చుక్క తగ్గదు. మూడు మిల్లీమీటర్ల చుక్క ఆ కొలతలో సుమారు ఇరవై రెండు సెంటీమీటర్ల గుమ్మడికాయ అవుతుంది. నమూనా ఓడలను తొట్టిలో నడిపి పరీక్షించిన విలియం ఫ్రౌడ్ 19వ శతాబ్దంలోనే తెలిపిన సూత్రం ప్రకారం, ఆ కొలతలో అలలు సుమారు ఎనిమిదిన్నర రెట్లు తొందరగా ఊగిపోతాయి. ఓడ సముద్రంలో కాక గిన్నెలో ఉన్నట్టే కనబడుతుంది. నిజమైన నీరు ఇక్కడ అబద్ధమాడుతుందన్నమాట.

మన ఇళ్ళలో బొమ్మల కొలువు పెట్టేవారు ఈ చిక్కును అద్దంతో తీర్చుకొన్నారు. అద్దం పరచి, అంచులను ఇసుకతో కప్పి, చుట్టూ ఆవాలో రాగులో మొలకెత్తిస్తే కోనేరు సిద్ధమవుతుంది. కదలని కోనేటికి ఆ ఉపాయం చాలు గాని, సముద్రానికి చాలదు.

నేటి కళాకారులు వాడేది ఎపాక్సీ రెజిన్ అనే పారదర్శకమైన ద్రవం. దానికి గట్టిపరచే ద్రవాన్ని చెప్పిన పాళ్ళలో కలిపి పోస్తే గాజువలె గడ్డకడుతుంది. ఒకేసారి మందంగా పోయరాదు. గడ్డకట్టేటప్పుడు పుట్టే వేడికి పగుళ్ళూ బుడగలూ వస్తాయి. పలుచని పొర పోసి, అది గట్టిపడిన పిదప మరొక పొర పోయాలి. అయితే లోతు కనబడేది రెజిన్ వలన కాదు, దాని కింద అడుగుకు వేసిన రంగు వలన. లోతైన చోట ముదురు నీలం, మేట మీద లేత ఆకుపచ్చ, ఒడ్డున ఇసుక వన్నె వేయాలి. పైన అలలను చిక్కని అక్రిలిక్ జెల్‌తో తీర్చి, నురుగుకు సన్నగా దువ్విన దూదినీ తెల్లరంగునూ వాడుతారు. తడిసిన ఇసుక పొడి ఇసుక కంటె ముదురుగా ఉంటుంది గనుక ఒడ్డున ఒక పట్టీకి వార్నిష్ పూయాలి.

ఇక్కడ మన తీరానికి ఒక ప్రత్యేకత ఉన్నది. స్వచ్ఛమైన స్ఫటిక జలం చూడ ముచ్చటగా ఉంటుంది గాని, మన అలల నీటిలో ఇసుక కలిసి ఉంటుంది. ఈశాన్య ఋతుపవనాల వేళ స్వర్ణముఖి, పెన్న తెచ్చే బురదతో ఒడ్డునీరు ఎర్రబారుతుంది. కనుక ఒడ్డు దగ్గరి పొరలలో మట్టిరంగు కలపాలి. అన్నిటికంటె ముఖ్యంగా నురుగు గీతలు రెండు ఉండాలి – ఒకటి ఒడ్డున, మరొకటి దూరాన మేట మీద. ఆ రెంటి నడుమ నెమ్మదైన నీరు. పిల్లవాడు ఆ రెండవ గీతను చూసి, అంత దూరాన అల ఎందుకు విరిగిందని అడిగిననాడు చరిత్రపాఠం మొదలవుతుంది.

ఇంత అనువైన నీటిని ఆంగ్లేయులు ఎందుకు విడిచిపోయారన్నది తరువాతి ప్రశ్న. ఆర్మగాన్‌లో అధికారిగా ఉండిన ఫ్రాన్సిస్ డే 1639లో దామర్ల నాయకుల నుండి మదరాసపట్నంలో కోట కట్టుకొనే అనుమతి పొందాడు. 1640లో కంపెనీవారు అక్కడికి తరలిపోయారు. మదరాసు ఎదుట ఇసుకమేట చాటు లేదు, ఓడలకు రక్షణ లేదు. అక్కడ నేతబట్టలు చవకగా దొరకడమే ఆకర్షణ. నీటిని కాదని నూలును ఎన్నుకొన్నారు. ఆ ఎన్నికకు మూల్యం చాలకాలం చెల్లించారు; 19వ శతాబ్దం చివర సముద్రంలోకి కట్టుకొన్న రాతిగోడలు సైతం 1881 తుపానులో దెబ్బతిన్నాయి. అయినా ఊరు మహానగరమయింది. దుగరాజపట్నం పల్లెగా మిగిలింది.

ఆ నీటిని 2014 నాటి రాష్ట్ర విభజన చట్టం మళ్ళీ తలచుకొన్నది. దాని పదమూడవ షెడ్యూలులో దుగరాజపట్నం వద్ద పెద్ద ఓడరేవు నిర్మించాలనీ, 2018 చివరికి తొలి దశ ముగించాలనీ వ్రాశారు. ఆ గడువుకు రేవు రాలేదు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఆ ఊరు నెల్లూరు జిల్లాను విడిచి తిరుపతి జిల్లాలో చేరింది.

ఈ నమూనా చేయదలచిన ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. ఫలకంలో కోటకు నాలుగవ వంతు చాలు. మిగిలిన మూడు వంతులూ సముద్రానికి ఇవ్వండి. పన్నెండు ఫిరంగులను ఎవరైనా లెక్కపెట్టగలరు. ఆ ఫిరంగులు అక్కడికి ఎందుకు వచ్చాయో చెప్పగలిగినది ఎదుటనున్న నీరు మాత్రమే.